పొంగిన చోటల్లా ఒక మాట
(మాటల వెనక మనుషులు – 17)

పద్నాలుగో శతాబ్దం చివర్లో, ఇంగ్లండు వాయవ్య ప్రాంతపు యాసలో, పేరు తెలియని ఒక కవి పెద్ద కావ్యం రాశాడు. దానికి 'సర్ గవేన్ అండ్ ది గ్రీన్ నైట్' అని తర్వాతివాళ్లు పేరు పెట్టారు. అందులో మూడు రోజుల వేట వస్తుంది. రెండో రోజు అడవిపంది. బాణాలు దాని తోలుకు తగిలి రాలిపోతాయి. మీదికొచ్చిన కుక్కల్ని అది చీల్చేస్తుంది. చివరికి పరుగెత్తే ఓపిక లేక, ఒక సెలయేటి పక్కన బండకు వీపు ఆనించి, కాళ్లతో నేల గీరుతూ, కోరలు నూరుతూ నిలబడుతుంది. మూతికి రెండు పక్కలా నురుగు. వేటాడుతున్న దొర గుర్రం దిగి, కత్తి దూసి, నీళ్లలోకి అడుగు పెడతాడు.

ఆ నురుగు ఉన్న పాదం దగ్గర కాసేపు ఆగాలి. ఆ కావ్యం నడక మన యతికి దగ్గరగా ఉంటుంది. పాదంలో బరువు పడే మాటలు ఒకే హల్లుతో మొదలవ్వాలి. కవికి ఆ చోట 'ఫ' కావలసి వచ్చింది. 'ఫ్రాత్'ను నామవాచకంగా, 'ఫోమ్'ను క్రియగా తీసుకుని రెండింటినీ ఒక్క పాదంలో పక్కపక్కన నిలబెట్టాడు. అతని చెవికి రెండూ సొంత మాటలే. నిజానికి ఒకటి ఆ దీవికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట చేరింది. రెండోది ఆ తర్వాత ఎప్పుడో, కత్తులు పట్టుకుని పడవల్లో దిగినవాళ్లతో వచ్చింది. ఈ కావ్యానికి మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. అది 1731లో వెస్ట్‌మినిస్టర్‌లో కాటన్ గ్రంథాలయం అంటుకున్నప్పుడు కాలిపోకుండా బయటపడింది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

నురుగుకు ఇంగ్లీషులో ఇన్ని మాటలు ఎందుకున్నాయి అని అడిగితే, వలసలు ఎక్కువ కాబట్టి అని చటుక్కున జవాబు చెప్పేయొచ్చు. అది సగం జవాబే. వచ్చిన ప్రతి మాటా ఒక పనివాడి చేతిలో పడింది. కల్లుపాక, చాకిరేవు, వంటిల్లు, పడవ, పంచదార బట్టీ: ఏ మాట ఎక్కడ పడిందో దాన్నిబట్టే దాని పరువు, దాని పతనం.

ముందు ఫోమ్ సంగతి. ఐదో శతాబ్దంలో ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి దిగిన ఆంగ్లులు, శాక్సన్లు దీన్ని 'ఫామ్' అనేవారు. పాత ఇంగ్లీషులోని ఆ దీర్ఘపు 'ఆ' మెల్లగా 'ఓ'గా మారింది. 'స్టాన్' స్టోన్ అయినట్టు, 'బాట్' బోట్ అయినట్టు, 'ఫామ్' ఫోమ్ అయింది. 'బేవుల్ఫ్' కావ్యంలో ఓడకు వేసిన విశేషణాల్లో 'నురుగు మెడ గలది' అన్నది ఒకటి. సముద్రం మీద బతికినవాళ్లు పెట్టిన మాట అది. ఓడ ముందుకొమ్ము నీటిని చీల్చినప్పుడు దాని మెడ చుట్టూ లేచే తెల్లదనాన్ని వాళ్లు రోజూ చూసినవాళ్లు.

ఈ ఫోమ్‌కు మన దేశంలో ఒక దాయాది ఉంది. సంస్కృతంలో నురుగు 'ఫేనం'. లాటిన్‌లో 'స్పూమ', రష్యన్‌లో 'పేన'. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలై ఉండాలని ప్రకటించాక, యూరప్ పండితులు ఇలాంటి జతల్ని జల్లెడపట్టడం మొదలుపెట్టారు. పాత 'ప'కారం జర్మన్ జాతి భాషల్లో 'ఫ'గా మారిందని యాకబ్ గ్రిమ్ 1822లో సూత్రం కట్టాడు. పితృ శబ్దం ఎదుట ఫాదర్, పాదం ఎదుట ఫుట్. ఆ వరసలోనే ఫోమ్. ఋగ్వేదంలో ఇంద్రుడు నముచి అనే రాక్షసుడి తల తీసింది నీటి నురుగుతోనే. తడి వస్తువుతోగానీ పొడి వస్తువుతోగానీ చంపనని మాట ఇచ్చినందువల్ల, రెండూ కాని నురుగును ఆయుధం చేసుకున్నాడని తర్వాతి బ్రాహ్మణ గ్రంథాలు కథను పెంచాయి.

మరి మన 'నురుగు'? దానికి ఈ కుటుంబంతో సంబంధం లేదు. తమిళంలో నురై, కన్నడంలో నొరె, మలయాళంలో నుర. ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుటుంబం అని మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే ఆధారాలతో రాశాడు. అది అచ్చయింది కూడా క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా. కాబట్టి కావ్యాల్లో 'ఫేనం' అన్న తెలుగు కవి, తనకు తెలియకుండానే, ఇంగ్లీషు ఫోమ్‌కు చుట్టమైన మాట వాడాడు. పాలు పొంగుతుంటే పొయ్యి దగ్గరికి పరుగెత్తిన ఇల్లాలు మాత్రం తన సొంత మాటే పలికింది.

లాటిన్ స్పూమ కూడా ఇంగ్లండు చేరింది, కానీ ఆలస్యంగా, ఫ్రెంచి వేషంలో. 1066లో నార్మన్లు గెలిచాక దొరల భాష ఫ్రెంచి అయింది. ఆ దారిలో పద్నాలుగో శతాబ్దంలో 'స్పూమ్' వచ్చింది. అయితే అది పుస్తకం దాటలేదు. ఈనాటికీ సముద్రం మీద పద్యం రాసేవాడికి తప్ప దాని అవసరం పడదు. దొరలకు నురుగుతో పనేముంది? దాన్ని తీసేది, తుడిచేది, కలిపేది పనివాళ్లు. వాళ్లు తమ పాత మాటల్ని వదల్లేదు. స్పూమ బంధువుల్లో బాగా బతికింది రాయి ఒక్కటే. అగ్నిపర్వతం కక్కిన నురుగు గడ్డకట్టి, నీళ్ల మీద తేలేంత తేలికైన రాయి అవుతుంది. లాటిన్‌లో 'పూమెక్స్', ఇంగ్లీషులో 'ప్యూమిస్'. ఇప్పుడు మడమలు రుద్దుకోవడానికి వాడే ఆ రాయితో రోమన్లు రాత తోళ్లను నునుపు చేసేవారు.

ఫ్రాత్‌ది వైకింగుల బాట. 865లో డేన్ల పెద్ద సేన ఇంగ్లండులో దిగింది, మరుసటేడు యార్క్ పట్నం వాళ్ల చేతికి చిక్కింది. దోచుకున్నవాళ్లు తర్వాత అక్కడే నాగళ్లు కట్టారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. గుడ్డుకు 'ఎగ్', చర్మానికి 'స్కిన్', కిటికీకి 'విండో' వాళ్లిచ్చిన మాటలే. వాళ్ల 'ఫ్రోద' కూడా ఆ ఇళ్లలోంచే వచ్చింది. పాత ఇంగ్లీషులో దానికి దగ్గరి క్రియ ఒకటి ముందే ఉంది కాబట్టి ఈ నామవాచకం పరాయిగా అనిపించి ఉండదు. ఫోమ్ సముద్రాన్ని పట్టుకుంటే, ఫ్రాత్ నోటినీ కుండనూ పట్టుకుంది. గుర్రం నోరు, పిచ్చికుక్క నోరు, బీరు పైభాగం. తర్వాత సారం లేని మాటకూ అదే పేరు వచ్చింది. పైకి పొంగి లోపల ఏమీ లేనిదల్లా ఫ్రాత్.

'లాదర్'ది చాకిరేవు కథ. పాత ఇంగ్లీషులో 'లేయదర్'. దీని మూలం 'కడుగు' అనే ధాతువు. లాటిన్‌లో అదే ధాతువు నుంచి 'లవారె' వచ్చింది. లాండ్రీ, లావటరీ, లోషన్ ఆ ఇంటివే. అంటే లాదర్ అన్న మాట పుట్టింది కడిగే పని నుంచి. నురుగు దానికి తర్వాత అంటిన అర్థం. పాత ఇంగ్లీషులో 'లేయదర్‌విర్ట్' అని ఒక మొక్క పేరు కనిపిస్తుంది. వేరు నలిపి నీళ్లలో పిసికితే నురుగు వచ్చే మొక్క. ఉన్నిబట్టలు ఉతకడానికి అది బాగా పనికొచ్చేది. మన కుంకుడుకాయ పెచ్చులోనూ ఆ వేరులోనూ నురుగు పుట్టించేది ఒకే రకం పదార్థం. దాన్ని సపోనిన్ అంటారు. కుంకుడు చెట్టు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరు సపిండస్. సబ్బు, ఇండీస్ అన్న రెండు మాటలు అతికి చేసిన పేరది.

సబ్బు విషయంలో రోమన్లు ఉత్తరాది జాతుల దగ్గర నేర్చుకున్నవాళ్లే. కొవ్వు, బూడిద కలిపి చేసే 'సాపో' గాల్ దేశపు కనిపెట్టుడని, జుట్టు ఎర్రబరచుకోవడానికి వాడతారని, జర్మన్లలో ఆడవాళ్లకంటే మగవాళ్లే ఎక్కువ వాడతారని మొదటి శతాబ్దంలో ప్లినీ రాశాడు. అదే శతాబ్దపు కవి మార్షల్ ఆ జుట్టుమందును 'బటావియా నురుగు' అన్నాడు. బటావియులు రైన్ నది ముఖద్వారంలో, ఇప్పటి నెదర్లాండ్స్‌లో ఉన్న జాతి. రోము నగరపు ధనికులు తలకు పట్టించుకున్న ఆ నురుగుకు పేరు కూడా రోములోనిది కాకపోవడం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది.

ఇంగ్లండు పల్లెల్లో సబ్బు చాలాకాలం పేదల వస్తువు కాదు. 1712 నుంచి 1853 దాకా దానిమీద పన్ను ఉంది; ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ ఎత్తేశాడు. అంతవరకూ మామూలు ఇళ్లలో దుప్పట్లు, పంచెగుడ్డలు కట్టెబూడిద నీళ్లలో నానేవి. మన చాకళ్లు చౌడు పట్టించి ఉబ్బ వేసిన పద్ధతే, క్షారం ఒక్కటే వేరు. ఆ మురికినీళ్లకే 'సడ్స్' అని పేరు వచ్చింది. పదహారో శతాబ్దంలో ఆ మాట మొదట కనిపించినప్పుడు దానికి మడ్డి, బురదనీరు అనే అర్థం. డచ్చి భాషలో చిత్తడినేలను చెప్పే మాటతో దీన్ని కలుపుతారు. ఇంగ్లండు తూర్పు తీరపు చిత్తడినేలలకూ డచ్చి రేవులకూ మధ్య ఉన్నది చిన్న సముద్రమే. తర్వాత సబ్బు చవకయింది, నీళ్ల మీద తెల్లటి నురుగు తేలింది, మాట కూడా తెల్లబడింది. మడ్డి అన్న పాత అర్థం ఈరోజు వాషింగ్ మెషిన్ ముందు నిలబడ్డ ఎవరికీ గుర్తులేదు.

దీనికి సరిగ్గా ఎదురుదారిలో నడిచింది 'స్కమ్'. నాకు ఈ మొత్తం కథలో బాధ కలిగించే మాట ఇదే.

ఇది కూడా డచ్చివాళ్ల 'స్ఖూమె' నుంచి వచ్చింది. అక్కడ దానికి నురుగు అని తప్ప మరో అర్థం లేదు. జర్మన్‌లో 'షౌమ్' ఈనాటికీ మచ్చలేని మాట. ఇదే జర్మన్ మూలం ఫ్రాన్సుకు వెళ్లి 'ఎస్క్యూమ్' అయింది. నార్మన్ల వంటిళ్లలోంచి తిరిగి ఇంగ్లండు చేరి 'స్కిమ్' అనే క్రియ అయింది. పాలమీద మీగడ తీసేదీ, కుండమీద తెట్టు తీసేదీ స్కిమ్మే. ఇంగ్లండు వంటింట్లో మాంసం ఉడికే కుండ మీద ముందు లేచేది నురుగు, కాసేపటికి అది బూడిదరంగుకు తిరిగి మురికి తెట్టు అవుతుంది. వంటవాడి గరిటె దాన్ని తీసి పారేస్తుంది. మాట ఆ గరిటెతోపాటే కిందికి పోయింది. పద్నాలుగో శతాబ్దంలో నురుగు అన్న అర్థంతో ఉన్నది, తర్వాత పైకి తేలిన మురికి అయింది. 1580ల నాటికి మనుషుల మీద ప్రయోగించే తిట్టయింది.

తెట్టు చరిత్రలో చేదైన అధ్యాయం బార్బడోస్ దీవిది. 1640లలో అక్కడ చెరకు తోటలు లేచాయి. గానుగలో తీసిన రసం వరసగా పెట్టిన రాగి కాగుల్లో ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ కాగుతుంది. ఒక్కో కాగు ముందూ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. చేతిలో పొడవాటి పిడి గరిటె. రసం పొంగినప్పుడల్లా పైన తేలిన తెట్టు తీయాలి; తీయడం ఆలస్యమైతే పంచదార రంగు పోతుంది, చెయ్యి జారితే ఒళ్లు కాలుతుంది. కోతల కాలంలో రాత్రింబవళ్లు అదే పని. అనకాపల్లి బెల్లం పెనాల దగ్గర పొద్దంతా నిలబడ్డవాళ్లకు ఆ వేడి ఏమిటో తెలుసు. తీసిన తెట్టును కూడా తోట యజమాని పారెయ్యలేదు. దాన్ని తొట్లలో పులియబెట్టి బట్టీ పట్టించేవాడు. ఆ దీవిలో మొదటి రకం రమ్ అదే. 1657లో అచ్చయిన తన బార్బడోస్ చరిత్రలో రిచర్డ్ లిగాన్ ఈ తయారీని వివరించాడు. తెట్టుకు ఖరీదు కట్టినవాళ్లు, దాన్ని తీసిన మనుషుల్ని ఖాతా పుస్తకంలో పశువుల పక్కన రాశారు.

స్కమ్ అన్న తిట్టు సిపాయిల మీదా పడింది. 1813 జూన్‌లో స్పెయిన్‌లోని విటోరియా దగ్గర ఫ్రెంచి సేన ఓడిపోయింది. నెపోలియన్ అన్న జోసెఫ్ బోనపార్ట్ వదిలి పారిపోయిన బళ్ల నిండా డబ్బు, బొమ్మలు, వెండి. ఇంగ్లీషు సిపాయిలు శత్రువును తరమడం మానేసి వాటిమీద పడ్డారు. జులై 2న వాళ్ల సేనాధిపతి వెల్లింగ్టన్ కోపం పట్టలేక మంత్రి బాథర్స్ట్‌కు రాసిన ఉత్తరంలో తన సైనికుల్ని భూమ్మీది తెట్టు అన్నాడు. వాళ్లు గెలిపించిన యుద్ధం అయి రెండు వారాలు కూడా కాలేదు. ఆ దొరకు యుద్ధవిద్యలో ఎంత పేరున్నా ఈ మాట ఒప్పుకోదగ్గది కాదని నా అభిప్రాయం.

అదే షౌమ్, మరో దారిలో, పెద్దమనుషుల పెదవుల మీదికి ఎక్కింది. టర్కీలో ఎస్కిషెహిర్ పట్నం చుట్టూ నేలలోంచి తవ్వి తీసే తెల్లటి మెత్తని ఖనిజం ఒకటుంది. జర్మన్లు దాన్ని 'మీర్‌షౌమ్', అంటే సముద్రపు నురుగు అన్నారు. దానితో చెక్కిన పొగాకు పైపులు వియన్నాలో, లండన్‌లో గొప్ప ఖరీదు. మన పచారీ కొట్లలో సముద్రపు నురుగు అని అమ్మేది మాత్రం వేరు, అది ఒక సముద్రజీవి వీపులోని తెల్లటి పెంకు. ఆయుర్వేదంలో దానికి సముద్రఫేనం అని పేరు.

కల్లుపాకలోకి వెళ్దాం. పాత ఇంగ్లండులో ఏల్ అనే బీరు కాచేది చాలామటుకు ఆడవాళ్లు. బార్లీ మొలకల రసం పులిసేటప్పుడు తొట్టి మీద దట్టంగా, మీగడరంగులో నురుగు లేస్తుంది. దానికి 'బార్మ్' అని పేరు. లాటిన్‌లో పులియబెట్టే పదార్థానికి పెట్టిన 'ఫెర్మెంటుమ్' దీని దాయాదే. ఏల్ కాచినావిడ ఆ బార్మ్‌ను తీసి కొంత వచ్చే కాపుకు దాచుకునేది, కొంత రొట్టెలవాడికి ఇచ్చేది. రెండు వృత్తులూ ఆ నురుగు మీద బతికాయి. అది ఎందుకు పొంగుతుందో ఎవరికీ తెలియదు. తెలియని మేలుకు దేవుడి దయే కారణమనుకుని 'దేవుడు మంచివాడు' అని దానికి పేరు పెట్టుకున్నారు. ఆ నురుగులో ఉన్నది ప్రాణమున్న కణాలని 1830లలో సూక్ష్మదర్శిని కింద తేలింది. 1850ల చివర్లో పాశ్చర్ అనుమానాలకు తావులేకుండా నిరూపించాడు. లాంకషైర్‌లో మెత్తటి గుండ్రటి బన్నును ఇంకా 'బార్మ్ కేక్' అంటారు. తలలో నురుగు తప్ప మరేమీ లేనివాణ్ని 'బార్మీ' అనడమూ ఆ నురుగు పుణ్యమే.

ఇక 'యీస్ట్'. దీని మూలం మరుగు, పొంగు, నురుగెత్తు అన్న అర్థాలున్న పాత ధాతువు. గ్రీకులో అది 'మరుగు' అనే క్రియ అయింది. చర్మం మీద పొంగే ఎగ్జిమా అందులోంచే వచ్చింది. సంస్కృతంలో అది 'యస్' ధాతువు. ఋగ్వేదంలో దానికి నురుగెత్తడమే అర్థం. తర్వాత ఒళ్లు వేడెక్కేలా కష్టపడటం అయింది. దానికి 'ఆ' చేరిస్తే ఆయాసం, 'ప్ర' చేరిస్తే ప్రయాస. మెట్లెక్కి రొప్పుతూ ఆయాసం అంటున్న మన ముసలివాళ్లూ, బేకరీలో పిండికి యీస్ట్ కలుపుతున్న కుర్రాడూ వేల ఏళ్లనాటి ఒకే పొంగును నోట పలుకుతున్నారు. ఈ జత దొరికిన రోజు నాకు పండగే అయింది.

ఇక మిగిలింది 'సర్ఫ్', మన తీరానికి బాగా దగ్గరైన మాట. ఒడ్డున విరిగి నురుగులు కక్కే కెరటానికి పేరు. 1590లలో 'సఫ్' అన్న రూపం, 1680లలో 'సర్ఫ్' కనిపిస్తాయి. మొదట్లో ఇంగ్లీషువాళ్లు దీన్ని వాడింది భారతదేశపు తీరం గురించే. అందుకే ఇది ఇక్కడి భాషలోంచే వచ్చి ఉండొచ్చని నిఘంటుకారులు ఊహించారు. ఏ భాష అన్నది ఇదమిత్థంగా తేల్చలేదు. వాళ్లకు ఆ మాట అంత అవసరం ఎందుకయిందో మాత్రం స్పష్టం. 1611లో మచిలీపట్నంలో, 1639లో దామెర్ల నాయకుల దగ్గర చోటు సంపాదించి మద్రాసులో దిగిన ఈస్టిండియా కంపెనీకి ఈ తీరంలో ఒక్క మంచి రేవు లేదు. మద్రాసులో ఓడ దూరంగా లంగరు వేసేది. అక్కణ్ణించి ఒడ్డుకు రావాలంటే వరసగా విరిగే కెరటాల్ని దాటాలి. ఇంగ్లీషు పడవ ఆ పని చేయలేదు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసుకకు గుద్దుకుంటే పగిలిపోయేది.

ఆ పని చేసింది మన జాలర్ల మసూలా పడవ. అందులో ఒక్క మేకు ఉండదు. పలకల అంచులకు చిల్లులు పొడిచి కొబ్బరి తాటితో కుడతారు. కుట్టు కింద గడ్డి కూరుతారు. కెరటం ఎత్తి కుదేస్తే పలకలు వంగి దెబ్బను మింగుతాయి, నీళ్లు కారతాయి, పడవ మాత్రం ముక్కలవదు. వెనక తెడ్డు పట్టినవాడు కెరటాల్ని లెక్కపెడుతూ ఆగి, పెద్దది వీపు కిందికి రాగానే కేక వేస్తాడు. అంతా ఒక్కసారి తెడ్లు వేస్తారు. గవర్నర్లు, వాళ్ల భార్యలు, బంగారపు పెట్టెలు, గుర్రాలు అందరూ ఆ కేక మీదే ఒడ్డుకు చేరారు. పడవ సాగని గాలివానలో కట్టుమరం మీద ఒకరిద్దరు వెళ్లి, తాటాకు టోపీలో దాచిన ఉత్తరాలు ఓడకు అందించేవారు.

1870లలో మద్రాసులో రాతి గోడలతో రేవు కట్టడం మొదలైంది. పని ముగియవస్తుండగా 1881 నవంబరు తుఫాను దాన్ని కూల్చేసింది. మళ్లీ కట్టారు. గోడల లోపల నీళ్లు నిలకడయ్యాక మసూలా పడవలకు సరుకు తగ్గిపోయింది. మాట మాత్రం అప్పటికే ఓడలెక్కి దూరాలు పోయింది. 1779లో కెప్టెన్ కుక్ నౌకల్లోని జేమ్స్ కింగ్ హవాయిలోని కెయాలకెకువా అఖాతంలో పలకల మీద కెరటాలెక్కి ఆడుతున్న మనుషుల్ని చూశాడు. ఆ ఆటకు అతని భాషలో పేరు లేదు. వాళ్లెక్కిన కెరటానికి మాత్రం సర్ఫ్ అన్న మాట సిద్ధంగా ఉంది, అదే రాసుకున్నాడు.